డాబా మీద డిష్, ఇంట్లో కేబుల్ నెట్: తెనాలి, బాపట్ల, రేపల్లెలో ఉపగ్రహ టీవీ

కృష్ణా డెల్టా పడమటి భాగంలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో టీవీకి డాబా మీద డిష్ పెట్టించుకుని, ఇంటర్నెట్‌ను మాత్రం వీధి కేబుల్ ఆపరేటరు దగ్గరే ఉంచుకునే ఇళ్లు ఉన్నాయి. తెనాలి గుంటూరు జిల్లాలోది. బాపట్ల 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాకు కేంద్రం. రేపల్లె ఆ జిల్లాలోనే, కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంది. డిష్‌కు నెట్‌తో పనిలేదు, నెట్‌కు డిష్‌తో పనిలేదు. కాబట్టి ఒకే ఇంట్లో రెండూ ఉండడానికి సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. రెండింటి వైర్లనూ ఒకదానిలో కలిపేసినప్పుడు, రెండింటి లెక్కలూ ఒకే బిల్లులో చిక్కుపడ్డప్పుడు తగాదా మొదలవుతుంది. ఇది తుపాన్ల తీరం. ఆకాశం దారి, స్తంభాల దారి ఇక్కడ వేర్వేరు కారణాలతో తెగుతాయి. అందుకే రెండూ ఉంచుకునే ఇల్లు వాటిని చివరిదాకా విడివిడిగానే ఉంచుకోవాలి.

వెనకటి కథ

తెలుగువారికి డిష్‌తో పరిచయం ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికే వచ్చే డీటీహెచ్ టీవీ కంటే చాలా ముందుది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం నుంచి దేశంలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. ఆ ప్రయోగం జరిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సన్నని ఇనుప వలతో చేసిన 10 అడుగుల డిష్‌లు అప్పట్లో ఊరందరికీ కలిపి ఒకటి చొప్పున పెట్టారు. ప్రయోగం ఏడాదితో ముగిసింది. ఆ తర్వాత చాలాకాలం డిష్ అంటే కేబుల్ ఆపరేటరు మేడ మీద ఉండేదే. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక డెల్టా పట్టణాల్లో నల్లటి కోయాక్సియల్ వైరు స్తంభం నుంచి స్తంభానికి, అక్కడి నుంచి కిటికీలోంచి హాల్లోకి పాకింది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఆపరేటరు తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకునే పద్ధతి చాలా ఏళ్లు నడిచింది.

ఇళ్ల మీద చిన్న డిష్‌లకు కేంద్రం 2001లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్, 2006లో ఇప్పుడు టాటా ప్లేగా పిలుస్తున్న టాటా స్కై వచ్చాయి. కొద్ది కాలానికే సన్ డైరెక్ట్, ఎయిర్‌టెల్, వీడియోకాన్ డీ2హెచ్ తోడయ్యాయి. అప్పటికి కేబుల్ ఇంకా అనలాగ్‌లోనే ఉంది కాబట్టి బొమ్మ తేటగా కావాలంటే డిష్ పెట్టించుకోవాల్సిందే. కేబుల్ డిజిటలీకరణ మూడో దశలో మున్సిపాలిటీలన్నీ వచ్చాయి, ఈ మూడు పట్టణాలూ అందులోవే. 2015 డిసెంబరు 31గా పెట్టిన గడువు కోర్టు కేసుల వల్ల 2017 దాకా సాగింది. కేబుల్ ఇళ్లకూ సెట్‌టాప్ బాక్సు వచ్చాక బొమ్మలో ఆ తేడా చాలావరకు పోయింది.

లెక్కంతా మార్చింది మాత్రం ఫైబర్. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామన్న పథకం అది. దీనికోసం రాష్ట్రమంతటా సుమారు 24,000 కి.మీ. ఆప్టికల్ ఫైబర్‌ను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదే లాగారు. ఇంటికి కనెక్షన్ ఇచ్చే పని స్థానిక కేబుల్ ఆపరేటరుకే అప్పగించారు. దాంతో టీవీ కోసం ఇంటికి వచ్చే మనిషే నెట్ మనిషి కూడా అయ్యాడు. తర్వాత బీఎస్ఎన్ఎల్, జియో, ఇతర ఫైబర్ కంపెనీలూ వచ్చాయి. అయినా నెట్ పనిచేయకపోతే చాలా ఇళ్లలో ముందు ఫోను చేసేది కేబులబ్బాయికే.

ఈ ఊళ్ల మీది ఆకాశం

డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కి.మీ. ఎత్తున భూమితోపాటే తిరుగుతుంటాయి. అందుకే మనకు కదలనట్టు కనిపిస్తాయి. తెనాలి సుమారు 16.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. బాపట్ల, రేపల్లె దానికి అర డిగ్రీ లోపే కాబట్టి మూడు ఊళ్లకూ డిష్ కోణాలు దాదాపు ఒకటే. ఇంటికి ఏ డీటీహెచ్ నప్పుతుందో తేల్చేది చాలాసార్లు ఈ కోణమే. చానెళ్ల జాబితా చూసి ఎంచుకునేవారు దీన్ని పట్టించుకోరు.

టాటా ప్లే వాడే 83 డిగ్రీల తూర్పు స్థానం ఈ ఊళ్లకు దాదాపు నేరుగా దక్షిణాన, నేల నుంచి 71 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 2022 జూన్‌లో ఎగిరిన జీశాట్-24 ఉపగ్రహం అక్కడిదే. డీ2హెచ్ వాడే 88 డిగ్రీల స్థానం ఎత్తు 69 డిగ్రీలు. సన్ డైరెక్ట్, డీడీ ఫ్రీ డిష్ కార్యక్రమాలు వచ్చే 93.5 డిగ్రీల స్థానం ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా 66 డిగ్రీల ఎత్తున, డిష్ టీవీ వాడే 95 డిగ్రీల స్థానం ఇంచుమించు ఆగ్నేయం మూలనే 65 డిగ్రీల ఎత్తున ఉన్నాయి. ఎయిర్‌టెల్ వాడే 108.2 డిగ్రీల స్థానం వీటికి దూరంగా, ఆగ్నేయం నుంచి తూర్పుకు జరిగి 53 డిగ్రీల ఎత్తులో ఉంది.

ఇరుకు వీధుల్లో ఈ అంకెల విలువ తెలుస్తుంది. పక్క మేడ మన డిష్ కంటే 3 మీటర్లు ఎత్తుగా, సరిగ్గా ఉపగ్రహం వైపే ఉందనుకుందాం. 71 డిగ్రీల డిష్‌కైతే ఆ గోడ మీటరుకు కాస్త ఎక్కువ దూరంలో ఉంటే చాలు, సిగ్నల్ పడుతుంది. 53 డిగ్రీల డిష్‌కు రెండుంబావు మీటర్లైనా ఖాళీ కావాలి. తెనాలి పాత వీధుల్లో మేడకూ మేడకూ మధ్య సందు తక్కువ. అటువంటి చోట తూర్పు వైపు ఎత్తైన ఇల్లుంటే దక్షిణం వైపు నడినెత్తికి దగ్గరగా చూసే డిష్‌కే అవకాశం ఎక్కువ. రేపల్లె, బాపట్ల శివార్లలో గోడల కంటే చెట్లతోనే చిక్కు. ఆగ్నేయం మూల కొబ్బరిచెట్టు ఉంటే గాలికి మట్ట ఊగినప్పుడల్లా బొమ్మ ముక్కలవుతుంది. ఈ రోజు అడ్డం లేని మొక్క మూడు నాలుగేళ్లకు అడ్డమవుతుంది. మన డాబా మీది నీళ్ల ట్యాంకునూ, రేపు వేయబోయే పై అంతస్తునూ కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.

చూసేవారిని తికమక పెట్టేది డిష్ వాలు. ఇళ్ల మీద పెట్టేవి ఆఫ్‌సెట్ రకం. రేకు చూసే వైపు కంటే చాలా పైనుంచి వాటికి సిగ్నల్ వస్తుంది. ఎదురింటి గోడ వైపు చూస్తున్నట్టు కనిపించే డిష్ నిజానికి ఆ ఇంటి పైకప్పుకు ఎంతో ఎత్తున ఉన్న ఆకాశాన్ని అందుకుంటోందన్నమాట. గోడ అడ్డమని తొందరపడి చోటు మార్చేముందు మీటరు పెట్టి చూడమనాలి.

ముందు తెలుసుకోవాల్సింది: మీ నెట్ ఏ వైరులో వస్తోంది?

డిష్ పెట్టించే ముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. కేబుల్ ఆపరేటరు ఇచ్చే ఇంటర్నెట్ మూడు రకాల వైర్లలో ఇంట్లోకి వస్తుంది.

పాత పద్ధతిలో టీవీ వచ్చే కోయాక్సియల్ వైరులోనే నెట్ కూడా వస్తుంది. దాని చివర మోడెం ఉంటుంది. పూర్తి జాగ్రత్త అవసరమయ్యేది ఈ రకానికే. కేబుల్ వాళ్లు ఆ వైరులో సుమారు 1,000 మెగాహెర్ట్జ్ లోపు తరంగాలు వాడతారు. డిష్ ముందు చేతికి బిగించే ఎల్ఎన్‌బీ ఆకాశపు సిగ్నల్‌ను 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్‌కు దించి కిందికి పంపుతుంది. పైగా డీటీహెచ్ బాక్సు ఆ వైరులోనే 13 లేదా 18 వోల్టుల కరెంటును పైకి పంపి ఎల్ఎన్‌బీని నడిపిస్తుంది. ఆ కరెంటు మోడెంలోకో, కేబుల్ వాళ్ల స్ప్లిటరులోకో వెళ్తే అవి పాడైపోవచ్చు. చూడడానికి రెండూ ఒకేలాంటి నల్ల వైర్లే, రెండింటి చివరా ఉండేది ఒకేలాంటి మర కనెక్టరే. అందుకే ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. కేబుల్ స్ప్లిటరు మీద సాధారణంగా 5 నుంచి 1,000 మెగాహెర్ట్జ్ అని ముద్రించి ఉంటుంది. ఆ డబ్బీ డిష్ సిగ్నల్‌కు పనికిరాదు.

గోడలో పైపు వేసి కట్టిన ఇళ్లలో డాబా నుంచి హాలు దాకా ఒక కోయాక్సియల్ వైరు ముందే లాగి ఉంటుంది. డిష్ పెట్టడానికి వచ్చినవారికి దాన్నే వాడుకుంటే పని తొందరగా అయిపోతుంది. నెట్ అందులోనే వస్తుంటే ఆ సాయంత్రానికి ఇంట్లో టీవీ ఉంటుంది, నెట్ ఉండదు. ‘ఈ వైరు ముట్టుకోవద్దు, డిష్‌కు కొత్త వైరు లాగండి’ అని పని మొదలుపెట్టకముందే చెప్పాలి. కొత్త వైరు ఖర్చు మీటర్ల లెక్కన పడుతుంది. ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు.

రెండో రకం లాన్ వైరు. వీధిలోనో మెట్ల కిందనో పెట్టిన స్విచ్ నుంచి వస్తుంది. దీని అంచు ఫోను సాకెట్‌లాంటి ప్లగ్గు కాబట్టి డిష్ వైరుతో కలిసిపోయే ప్రమాదం లేదు.

మూడోది ఫైబర్, ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే. స్తంభం నుంచి సన్నని వైరు వచ్చి గోడ మీది చిన్న డబ్బీలోకి, అక్కడి నుంచి ఓఎన్‌టీ అనే నెట్ బాక్సులోకి వెళ్తుంది. వెంట్రుకంత గాజు పోగులో వెలుగు ప్రయాణిస్తుంది కాబట్టి డిష్ కరెంటుకూ తరంగాలకూ దానితో సంబంధమే లేదు. దాని గండాలు వేరు. డ్రిల్లింగ్ మిషన్ పెట్టేవారు పక్కకు లాగి మేకుకు చుట్టినా, డిష్ వైరుతో కలిపి క్లిప్పులో గట్టిగా బిగించినా, కిటికీ చట్రం దగ్గర మడిచినా వెలుగు బయటికి పోతుంది. బాక్సు మీద ఎర్ర లైటు వెలిగితే గాజు పోగు తెగిందనో, వెలుగు మరీ తగ్గిందనో అర్థం. ఓఎన్‌టీకి చేరే వెలుగు సాధారణంగా మైనస్ 27 డీబీఎం కంటే దిగజారకూడదు. ఆపరేటరు మనిషి చేతి మీటరులో కనిపించే అంకె అదే. డిష్ బిగించిన రోజునే ఆ అంకె చూపించమంటే, తర్వాత తప్పెవరిదన్న వాదన రాదు.

బిగించే రోజు

డిష్ ముందు నిలవాలి, ఆ తర్వాతే సిగ్నల్ సంగతి. 60 సెం.మీ. రేకుకు డీటీహెచ్ వాడే కు-బ్యాండ్ తరంగాల మీద చూపు మూడు డిగ్రీల వెడల్పే. రెండు డిగ్రీలు పక్కకు తిరిగిందంటే బొమ్మ పోయినట్టే. కాబట్టి పిట్టగోడ మీద సిమెంటు పూతలో దించిన మేకులు సరిపోవు. స్లాబు కాంక్రీటులోకో, గట్టి ఇటుక గోడలోకో యాంకర్ బోల్టులు దిగాలి. స్టాండు గొట్టం నిట్టనిలువుగా ఉందో లేదో మట్టంతో చూడాలి. అది వాలి ఉంటే కోణాలన్నీ తప్పుతాయి.

వైరు చివర పని చూడడానికి చిన్నది, చెడితే పెద్ద తలనొప్పి. కోయాక్సియల్ వైరులో నడుమ రాగి తీగ, దాని చుట్టూ తెల్ల నురగ, దాని మీద అల్యూమినియం రేకు, అల్లిన జాలీ ఉంటాయి. పై తొక్క తీసేటప్పుడు జాలీలోని ఒక్క పోగు నడి తీగను తాకినా ఎల్ఎన్‌బీకి వెళ్లే కరెంటు షార్టవుతుంది. బాక్సు సిగ్నల్ లేదంటుంది, మనిషి మాత్రం డిష్‌ను తిప్పుతూ గంటలు గడుపుతాడు. ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టరుకు రబ్బరు తొడుగు ఉండాలి. వైరు ఇంట్లోకి దిగే ముందు కిందికి ఒక వంపు ఇస్తే వాన నీరు అక్కడే కారిపోతుంది. గోడకు వేసే కన్నం బయటి వైపుకు వాలుగా వేయాలి. లేదంటే నీరు వైరు వెంట నడిచి సరిగ్గా టీవీ వెనక గోడలో దిగుతుంది. స్టాండుకు ఎర్త్ తీగ వేయడం చాలామంది వదిలేస్తారు. చుట్టూ పొలాలే ఉన్న ఊళ్లలో ఒంటరి డాబా మీద ఇనుప గొట్టాన్ని ఎర్త్ లేకుండా నిలబెట్టడం మంచిది కాదు.

బిల్లు, బాక్సు, ఆపరేటరు

టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకే మనిషి ఇస్తున్నా అవి రెండు వేరు సేవలు. ఒకటి ప్రసార చట్టం కిందికి, రెండోది టెలికాం లైసెన్సు కిందికి వస్తుంది. టీవీ మానేయడం వినియోగదారు హక్కు. ఆ కారణంతో నెట్ ఆపడానికి వీల్లేదు. గొడవ ఎక్కువగా మాటల్లోనే పుడుతుంది. ‘కేబుల్ తీసేయండి’ అంటే కొందరు వైరు మొత్తం విప్పుకుపోతారు. ‘టీవీ ప్యాక్ ఆపండి, నెట్ ప్యాక్ అలాగే ఉంచండి’ అని చెప్పి, అదే సంగతి వాట్సాప్‌లో కూడా రాసి పంపడం మేలు. సెట్‌టాప్ బాక్సు అద్దెదైతే తిరిగి ఇచ్చి రశీదు తీసుకోవాలి. నెట్ బాక్సును దానితోపాటు ఇచ్చేయకూడదు. ఫైబర్ ఇళ్లలో రెండు బాక్సులు పక్కపక్కనే ఉంటాయి గనుక ఇది చెప్పాల్సి వస్తోంది.

డబ్బు లెక్క కూడా ముందే అడగాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చినప్పుడు కేబుల్‌కైనా డిష్‌కైనా 100 చానెళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే రుసుముకు 200 చానెళ్లు ఇవ్వాలన్నారు. 2024లో ఆ పరిమితినే ఎత్తేసి, ధర నిర్ణయాన్ని కంపెనీలకు వదిలారు. కాబట్టి డిష్, కేబుల్ ప్యాకులను ఇప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చి చూడాల్సిందే. టీవీ, నెట్ కలిపి ఒకే ధరకు ఇచ్చే ప్యాకులో టీవీ మానేసినా బిల్లు పెద్దగా తగ్గకపోవచ్చు. అప్పుడు డిష్ ఖర్చు పూర్తిగా అదనమే.

కేబుల్ మానేస్తే పోయేది ఒకటుంది, ఊరి చానెల్. గుడి ఉత్సవం, మున్సిపాలిటీ నీళ్ల కబురు, కాలేజీ వార్షికోత్సవం, ఊరి దుకాణాల ప్రకటనలు కేబుల్‌లోనే వస్తాయి. దేశమంతటికీ ఒకే కట్ట పంపే ఉపగ్రహంలో వాటికి చోటుండదు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ లోటు బాగా తెలుస్తుంది.

వాన, గాలి, ఉప్పు

కు-బ్యాండ్ తరంగాలు 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్యవి. వాటి పొడవు రెండు మూడు సెంటీమీటర్లే. దట్టమైన వాన చినుకులు వాటిని మింగేస్తాయి. ఆపరేటర్ల పెద్ద డిష్‌లు వాడే సీ-బ్యాండుకు ఈ బాధ చాలా తక్కువ. అందుకే ఇంటి డిష్ ఆగిన వానలో కేబుల్ టీవీ ఆడుతూనే ఉంటుంది. జడివాన కొట్టినంతసేపే బొమ్మ పోతుంది, మబ్బు దాటాక దానంతటదే వస్తుంది. ఆ కొద్ది నిమిషాలకు డిష్ కదిలిందేమోనని డాబా ఎక్కి తిప్పితే అసలు కోణమే పోతుంది.

తుపాను లెక్క వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన, 1990 మే 9 తుపాను ఈ తీరం మరిచిపోనివి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కి.మీ., ఉండుండి 110 దాకా వీచింది. అంతటి గాలికి బలహీనంగా బిగించిన డిష్ తిరిగిపోతుంది. గట్టిగా బిగించినదైతే, వాన వెలిశాక కరెంటు ఉంటే చాలు, పనిచేస్తుంది. ఎందుకంటే దానికీ ఉపగ్రహానికీ మధ్య స్తంభాలు లేవు. కరెంటు స్తంభాల మీద సాగే ఫైబర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎక్కడో రెండు వీధుల అవతల ఒక చెట్టు కొమ్మ పడ్డా ఇంట్లో నెట్ ఆగుతుంది. గాజు పోగును మళ్లీ అతికించే మనిషి ఒక్కో తెగుడు దగ్గరికీ వెళ్లాలి. మామూలు వానకు మాత్రం ఫైబర్ చలించదు. డిష్ తడబడేది ఆ మామూలు జడివానకే. వాతావరణ హెచ్చరిక ఒక దారిన ఆగితే ఇంకో దారిన అందే వీలు తీరప్రాంతపు ఇంటికి చిన్న సంగతి కాదు.

ఆ వీలు నిలవాలంటే కరెంటు ఉండాలి. నెట్ బాక్సు, డీటీహెచ్ బాక్సు రెండూ సాధారణంగా 12 వోల్టుల అడాప్టరుతో నడిచే చిన్న పరికరాలే. రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ ఓఎన్‌టీని గంటలకొద్దీ నడుపుతుంది. టీవీకి ఇన్వర్టరు కావాలి.

సముద్రం ఒడ్డున సూర్యలంక, నిజాంపట్నం వైపు ఇళ్లకు ఉప్పుగాలి మరో శత్రువు. స్టాండు బోల్టులు, ఎల్ఎన్‌బీ కనెక్టరు ముందు తుప్పు పడతాయి. రంగు వేసిన ఇనుము కంటే జింకు పూత ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. వర్షాకాలానికి ముందొకసారి, అక్టోబరు తుపాన్ల రోజులకు ముందొకసారి బోల్టులు చూసుకోవాలి.

ఏటా మార్చి రెండో వారం చుట్టుపక్కల, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా పగటిపూట కొన్ని నిమిషాలు బొమ్మ చెదురుతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి తన రేడియో రొదతో సిగ్నల్‌ను కప్పేయడమే కారణం. 83 డిగ్రీల డిష్‌కు ఇది మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, 108.2 డిగ్రీల దానికి ఉదయం పది ప్రాంతంలో జరుగుతుంది. మెకానిక్‌ను పిలవనక్కర్లేదు.

నెట్‌తో కలిసే బాక్సులు, ఉచిత డిష్

ఇప్పటి డీటీహెచ్ బాక్సుల్లో కొన్ని వైఫైకి కూడా తగులుకుంటాయి. చానెళ్లు డిష్ నుంచి, సినిమాల యాప్‌లు నెట్ నుంచి ఒకే రిమోట్‌లో వస్తాయి. ఇంట్లో నెట్ ఉంచుకున్నవారికి ఇది అక్కరకొస్తుంది. హెచ్‌డీలో యాప్ చూస్తే గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది. డిష్ చానెళ్లకు డేటా ఒక్క బైటు కూడా పడదు. నెలవారీ డేటా పరిమితి ఉన్న ప్యాకుల్లో వార్తలు, సీరియళ్లు డిష్‌కు, పిల్లల పాఠాలు, ఆఫీసు పనులు నెట్‌కు వదిలేస్తే రెండూ సరిపోతాయి.

నెలనెలా రీఛార్జి భారమనుకునే ఇళ్లకు డీడీ ఫ్రీ డిష్ ఉంది. బాక్సు, డిష్ ఒకసారి కొంటే చాలు. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి అందులో వస్తాయి. నెట్‌కు మాత్రమే నెలనెలా కట్టి, టీవీకి ఏమీ కట్టకుండా ఉండాలనుకునేవారికి ఇదే దారి. సన్ డైరెక్ట్ వచ్చే 93.5 డిగ్రీల స్థానం నుంచే ఇదీ వస్తుంది కాబట్టి, రెండు వైర్లు తగిలించే వీలున్న ఎల్ఎన్‌బీ వేయిస్తే ఒకే డిష్‌తో హాల్లో ఒక బాక్సు, వెనక గదిలో ఒక బాక్సు నడుపుకోవచ్చు.